తేరువీధిలో కాలవ

ఆదిమూలం వస్తానన్న పొద్దు దాటిపోయి ఎండ నడినెత్తికి వచ్చింది. వరదయ్య ఇంట్లోకీ వీధిలోకీ తిరుగుతూనే ఉన్నాడు. వెనక షెడ్డులో నాలుగు పవర్‌లూములూ దడదడమంటున్నాయి. ఆ చప్పుడు ఆయన చెవికి ఎప్పుడూ ఎక్కదు. వీధి మలుపులో ట్రాక్టరు చప్పుడు వినిపిస్తుందేమోనని మాత్రం చెవులు అటే పెట్టుకున్నాడు.

"ఉంటే ఇంట్లో ఉండు, లేదంటే వీధిలో ఉండు. గడప అరిగిపోతా ఉండాది," అంది ఆయన భార్య మునిరత్నమ్మ, కండెలు చుడుతూ.

"పొద్దున్నే వస్తానన్నాడే."

"యా దినం పొద్దున్నే అని అడిగినావా?"

వరదయ్య మళ్ళీ గడప దాటాడు.

నగరిలో నేతగాళ్ళుండే ఆ వీధి పేరు తేరువీధి. ఏడాదికొకసారి పంగుణి నెల ఉత్సవాల్లో పెరుమాళ్ళ తేరు ఆ వీధి గుండానే పోతుంది. తేరు లాగేది ఊరంతా. ఆపేదీ, తిప్పేదీ మాత్రం చక్రాల పక్కన నడిచే ఇద్దరు ముగ్గురు. వాళ్ళ చేతుల్లో ముట్టుకట్టలనే చెక్కదిమ్మలుంటాయి. తేరు పక్కకు పోతోందంటే ఆ చెక్కను చక్రం కింద అదను చూసి పెట్టాలి. చెక్క సరిగ్గా పడితే అంత పెద్ద తేరూ సాధువైన ఆవులాగా తల తిప్పుకుంటుంది. పడకపోతే ఎవరి అరుగు కూలుతుందో, ఎవరి కాలు పోతుందో చెప్పలేం. కుడి చక్రానికి కట్ట వేసే హక్కు వరదయ్య ఇంటిది. తాత వేశాడు, నాయన వేశాడు, నాయన పోయినప్పటినుంచి వరదయ్య వేస్తున్నాడు. ఎడమ చక్రం దాయాది గోవిందస్వామిది. ఇద్దరి ఇళ్ళూ ఎదురెదురు. వరసకు అన్నదమ్ములే గానీ, ఒకరి ఇంటి పొగ ఇంకొకరి ఇంటికి పోతే దగ్గే రకం.

చిక్కు పోయిన ఏడే మొదలైంది. కరెంటు స్తంభం గోవిందస్వామి ఇంటి పక్కన ఉంది. వరదయ్య షెడ్డుకు తీగ అక్కడినుంచి వీధికి అడ్డంగా పైన వస్తుంది. ఏటా తేరు ముందు కరెంటాఫీసువాళ్ళు వచ్చి తీగ దించి, ఉత్సవం అయినాక మళ్ళీ కట్టేవాళ్ళు. పోయిన ఏడు ఎందుకో రాలేదు. కరెంటయితే ఆపారు. తీగను ఇద్దరు వెదురు గడలతో పైకెత్తి పట్టుకుంటే, అది పోయి తేరు మీది గుడ్డల్లో చిక్కుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. తేరు మాత్రం దీపాలు పెట్టేవేళ దాకా నడివీధిలో నిలిచిపోయింది. నైవేద్యం ఆలస్యమయింది. ముసలివాళ్ళు ఉపవాసంతో అరుగుల మీద కూర్చుండిపోయారు.

"చక్రానికి కట్ట ఎయ్యమంటే మాయన్న తేరుకే కట్ట ఏసినాడు," అన్నాడు గోవిందస్వామి. ఆ మాట పుత్తూరు దాకా పోయింది.

ఈ ఏడు ఉత్సవాల మాట రాగానే గుడి పెత్తనం చూసే దేవనాథన్ వరదయ్యను పిలిపించాడు. దేవనాథన్ కోపం చేసే మనిషి కాదు. అదే కష్టం. మెల్లగా చెప్పే మాట దాటడానికి సందుండదు.

"తీగ భూమి కిందికి పోవాలి వరదయ్యా. ధ్వజస్తంభానికి జెండా ఎక్కే లోపల పని ముగించి, వీధిని ఎప్పటిమాదిరి అప్పగించు. అప్పుడు కట్ట నీ చేతిలోనే పెడతాను. లేదంటే ఈ ఏడు ఇంకొకర్ని నిలబెట్టాల్సి వస్తుంది. ఒకసారి ఇంకొకరు నిలబడినాక తిరిగి అడగడం నీకూ కష్టం, తిరిగి ఇవ్వడం నాకూ కష్టం."

"ముగిస్తా సామీ," అని వచ్చేశాడు వరదయ్య. ముగించడం చేతనైన పని కాదని దారిలోనే అర్థమైంది. లైసెన్సున్న కంట్రాక్టరు తవ్వి, కేబులు వేసి, సంతకం పెడితేనే కరెంటాఫీసువాళ్ళు ఒప్పుకుంటారు. తిరుపతి కంట్రాక్టరు ఉత్సవాలు కానీ చూద్దామన్నాడు. పుత్తూరాయనకు పార ఉంది, జట్టుంది, లైసెన్సు లేదు. చివరికి ఎవరో చిత్తూరు ఆదిమూలం పేరు చెప్పారు.

ఆదిమూలం పొట్టి మనిషి. నోట్లో ఎప్పుడూ ఆకూవక్కా. వచ్చీ రాగానే వీధికి అడ్డంగా అడుగులు వేసి, నడిమధ్యలో గొంతుక్కూర్చుని, మడమతో నేలను తట్టి చూశాడు.

"ఇది వీధి గాదన్నా. తేరు తొక్కి తొక్కి సిమెంటు చేసి పెట్టినాది. దీన్ని ఇప్పదీసేకి మా వోళ్ళ నడుములు ఇరగాల," అని పెద్దగా నవ్వాడు. "మూడడుగుల లోతు. అడుగున ఇసక. ఇసకలో ఇనప గొట్టం, గొట్టంలో కేబులు. పైన ఇటికెలు పేర్చి మన్ను పోస్తాం. తేరు గాదు, తిరుమల కొండ పోయినా నీ కేబులుకు ఏం గాదు. సోమవారం పొద్దున్నే ఈడుంటా."

ఆ నవ్వు చూసే వరదయ్య పని ఒప్పజెప్పాడు. నవ్వే మనిషి మాట తప్పడని ఎందుకో ఆయనకో నమ్మకం.

ఈ పొద్దు ఆ సోమవారం. బేస్తవారం పొద్దున జెండా.

మంగళవారం కోడి కూయగానే వరదయ్య చిత్తూరు బస్సెక్కాడు. టికెట్టు తీసుకుని కూర్చుంటాడు, లేస్తాడు, ముందుకు వంగి రోడ్డు చూస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు. పక్కనున్న ముసలామె తన గంపను కాళ్ళ దగ్గరికి జరుపుకుని, "ఈడ కాళ్ళు సాపుకో నాయనా. బస్సును నువ్వు తోసేది ఏముండాది," అంది. ఆ మాటకు కాస్త సిగ్గుపడి, కాళ్ళు చాపుకున్నాడు. పుత్తూరు దాటేదాకా బాగానే ఉన్నాడు.

చిత్తూరులో ఆదిమూలం ఇల్లు వెతికి పట్టుకుంటే, గడపలో బియ్యం చెరుగుతున్న ఆయన తల్లి, "ఈడ యాడుంటాడు? బంగారుపాళ్యం జూసు ఫ్యాక్టరీలో ఉండాడు. నేను చెప్పినానని చెప్పొద్దు," అంది. తర్వాత వరదయ్య మొహం చూసి లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నిలబడే తాగి బస్టాండుకు పరిగెత్తాడు. బంగారుపాళ్యం బస్సు అప్పుడే కదిలింది. కండక్టరు చూసి ఈల వేసి ఆపాడు.

జూసు ఫ్యాక్టరీ ఆవరణలో పొడుగ్గా కాలవ తవ్వుతున్నారు. ఆదిమూలం తలకు తువ్వాలు చుట్టుకుని లోపల నిలబడి ఉన్నాడు. వరదయ్యను చూడగానే మొహం ఒక్క క్షణం పాలిపోయి, వెంటనే నవ్వయింది.

"అన్నా! నువ్వా! రా, కాలవలోకి దిగు, ఈడ సల్లగా ఉండాది."

"నాకు సల్లదనం వద్దప్పా. సోమవారం పొద్దున్నే వస్తానంటివే."

"వస్తానంటిని. రాలేదు. రెండూ నిజమే." ఆదిమూలం పైకెక్కి వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏం జేసేదన్నా? ఈళ్ళు గేటుకు బీగం ఏసినంత పని చేసినారు. కాయ దిగే లోపల మోటార్లకు కరెంటు రావల్ల. మామిడికాయ ఆగతాదా? పండినాక అది కంట్రాక్టరు మాట ఇనదే."

"తేరు ఆగతాదా?"

"ఆగితేనే గదన్నా నీకు కష్టం!"

చుట్టూ జట్టువాళ్ళు నవ్వారు. వరదయ్య నవ్వలేదు, తిట్టలేదు. తవ్వి పోసిన మన్ను మీద కూర్చున్నాడు. "నేనీడనే కూచుంటా. నువ్వు ఎప్పుడు లేస్తే అప్పుడు నీ ఎంబడి లేస్తా," అన్నాడు.

కూర్చోవడమైతే కూర్చున్నాడు గానీ, చేతులు ఊరుకోలేదు. మట్టిబెడ్డలు తీసి పొడి చేస్తూ ఉన్నాడు. అవతల కేబులు వేసేసిన చోట కాలవ పూడుస్తున్నారు. కాస్త మన్ను పోయడం, నీళ్ళు పెట్టడం, ఇనప దిమ్మిసతో కొట్టడం, మళ్ళీ కాస్త మన్ను.

"అంత కొట్టాల్నా?" అని అడిగాడు.

"తవ్వేది ఎవురైనా తవ్వతారు. మూసేదే పని," అన్నాడు ఆదిమూలం. "తొందరపడి మూస్తే పైకి బాగనే కనపడతాది. లోపల పొట్ట ఖాళీ. లారీ ఎక్కిన దినం తెలస్తాది."

వరదయ్య మట్టిబెడ్డలు పొడి చేయడం ఆపాడు. తేరు ముందర లారీ ఎంత? ఇంతదాకా కాలవ తవ్వడం గురించే దిగులుపడ్డాడు. తవ్విన చోటే చక్రం దిగబడుతుందన్న ఆలోచన ఇప్పుడే వచ్చింది.

"ఆదిమూలం, ఒక మాట చెప్తా ఇను. పోయినేడు తీగ నిలిపింది. ఈ ఏడు కాలవలో చక్రం దిగిందంటే, కట్ట నా చేతికి ఎవురూ ఇయ్యరు. ఇచ్చినా నేను పట్టుకోలేను. మా నాయన పోయేముందు కట్ట చేతిలో పెట్టించుకుని పోయినాడు."

ఆదిమూలం నోట్లో ఆకు పక్కకు ఉమిసి వచ్చాడు. ఈసారి నవ్వలేదు. "రేపు తెల్లారేలోపల మా గడ్డపార నీ వీధిలో ఉంటాది. మాపిటికి మూసి, దిమ్మిస కొట్టి పోతా. నా బిడ్డల మీద ఒట్టు."

"బిడ్డల్ని నడుమ తేవద్దప్పా. వస్తే చాలు."

వచ్చాడు. తెల్లవారకముందే ట్రాక్టరు చప్పుడయితే వరదయ్య కలేమో అనుకున్నాడు. పదిమంది జట్టు గడ్డపారలు పట్టుకుని దిగింది. నేల ఆదిమూలం చెప్పినట్టే ఉంది. మొదటి దెబ్బలకు నిప్పురవ్వలు వచ్చాయి. వీధి మధ్యకు వచ్చేసరికి, ఏనాటివో పాత కాలవ బండలు అడ్డం తగిలాయి. వాటిని పక్కకు జరిపేసరికే పొద్దు బారెడెక్కింది.

వరదయ్య అటు పోయి గోవిందస్వామి స్తంభం దగ్గర చూస్తాడు, ఇటు వచ్చి షెడ్డు గోడ దగ్గర చూస్తాడు. నడుమ ఇంకో పని కూడా చేయించాడు. ఉత్సవానికి ఇంటి ముందర వేసే పందిరికి గుంజలు పాతించాడు. "సాయంత్రమయితే పాతకూడదు, బిరీన కానీండి," అని తొందరపెట్టి మరీ పాతించాడు.

గోవిందస్వామి తన తిన్నె మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ, "అన్నా, లోపల లంకెబిందెలు దొరికితే నా పక్కవి నాకే," అన్నాడు. జట్టువాళ్ళు కూడా నవ్వారు.

ఇసక పోశారు. గొట్టం దించారు. కేబులు లాగారు. ఇటికెలు పేర్చారు. మన్ను ఒక వరస పోసి దిమ్మిస ఎత్తి నాలుగు దెబ్బలు కొట్టారో లేదో, గుడి వైపునుంచి నాదస్వరం, డోలు వినిపించాయి.

వీధిలో అరుగుల మీదున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. దిమ్మిస పట్టుకున్న మనిషి చెయ్యి గాలిలోనే ఆగింది.

జెండాకు ముందురోజు సాయంత్రం అర్చకులు మేళంతో తోటకు పోయి, విత్తనాలు మొలకెత్తించడానికి మన్ను ఎత్తుకొస్తారు. దేవుడి పనికి మన్ను తీసేందుకు ఆ మేళం కదిలినాక, తేరు తిరిగొచ్చి గుడి ముందు తన నిలకు చేరేదాకా ఆ ఊళ్ళో ఎవరూ భూమిని కొట్టరు. మగ్గం గుంత తవ్వరు, గుంజ పాతరు. అది వరదయ్యకు పుట్టినప్పటినుంచీ తెలుసు. తెలిసే పందిరి గుంజలు పొద్దునే పాతించాడు. పందిరికి గుర్తొచ్చిన సంగతి కాలవకు గుర్తు రాలేదు. చక్రం దగ్గర నడిచేవాడికి ఉత్సవమంటే జెండాతోనే మొదలు. దేవనాథన్ కూడా జెండా అనే అన్నాడు. దినాలన్నీ జెండాకే లెక్కపెట్టుకుంటూ వచ్చాడు.

మేళం ముందు నడుస్తున్న దేవనాథన్ కాలవ దగ్గర ఆగాడు.

"నేను జెండా అంటే, మన్ను సంగతి నీకు తెలిసే ఉంటుందనుకున్నాను వరదయ్యా."

"తెలుసు సామీ. తెలిసే మరిచినాను."

ఆదిమూలం ముందుకు వచ్చాడు. "సామీ, పారతో మన్ను పోసేది కొట్టేది గాదు గదా? గుంత తెరిచి పెట్టలేం."

దేవనాథన్ కాలవలోకి వంగి చూశాడు. "పోసుకోండి. కొట్టవద్దు," అని కదిలాడు.

మిగిలిన మన్నంతా వదులుగా పోశారు. ఎంత పోసినా గట్టులాగా పైకి ఉబ్బి నిలబడింది. ఆదిమూలం సామాన్లు ట్రాక్టరులో వేయిస్తూ తల ఎత్తలేదు. "సోమవారమే వచ్చింటే అయిపోయిండునన్నా," అన్నాడు. "నీళ్ళు తాపు. నీళ్ళు పోసేది కొట్టేది గాదు గదా."

జెండా ఎక్కింది. ఎనిమిదోనాడు తేరు. ఆ నడుమ వరదయ్య ఇంట్లో కూర్చుని అన్నం తిన్నది లేదు. పొద్దున్నే కల్లాపి నీళ్ళు చల్లే ఆడవాళ్ళు మిగిలిన బిందెలు కాలవ మీద గుమ్మరించి పోయేవాళ్ళు. ఎవరూ చెయ్యమని చెప్పలేదు. మన్ను నీళ్ళు తాగి కుంగింది. కుంగిన చోట కాలు పెడితే చీలమండ దాకా దిగింది. వరదయ్య దాని మీద అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. ఏదో పని మీద పోతున్నట్టు పోతాడు, మరిచిపోయినట్టు తిరిగి వస్తాడు.

"గానుగెద్దు గూడా మద్దినేళ గెడ్డి తింటాదన్నా," అన్నాడు గోవిందస్వామి తిన్నె మీదనుంచి.

ఒక మనిషి నడిస్తే తేరు బరువుకు చాలుతుందా? ఇంకొకరు తవ్వించిన కాలవైతే, తాను ఆ నేల మీదికి చక్రాన్ని పోనిచ్చేవాడు కాడు. అడ్డంగా పడుకుని ఆపేవాడు.

దారి చూపింది మునిరత్నమ్మ. హంస వాహనం వచ్చిన సాయంత్రం, స్వామిని మోసేవాళ్ళు పక్కింటి ముందు హారతికి ఆగారు. ఆగినా వాళ్ళ అడుగులు ఆగవు. స్వామిని ఊయల ఊపినట్టు, ముందుకో అడుగు వెనక్కో అడుగు వేస్తూ ఆడిస్తూనే ఉంటారు. ఊరేగింపు దాటిపోయినాక ఆమె చిమ్నీ దీపం పట్టుకుని వీధిలోకి వచ్చి వంగి చూసింది.

"ఇదో, సూడు."

మోసేవాళ్ళ వరసలో చివరి ఇద్దరి కాళ్ళు కాలవ అంచు మీద పడ్డాయి. అక్కడ మాత్రం మన్ను కళ్ళం నేలలాగా నున్నగా గట్టిపడింది.

మరునాడు మునిరత్నమ్మ హారతి పళ్ళెం గడప దగ్గర ఎత్తలేదు. నేరుగా నడిచి కాలవ మీదికి వచ్చి నిలబడింది. మోసేవాళ్ళలో పెద్దాయన, "ఏమ్మా, గడప ముందర ఇయ్యాల్సిన హారతి నడివీధిలో ఇస్తా ఉండావే?" అన్నాడు.

"సామిని నా గడప దాకా రమ్మనేకి నేనెంతదాన్ని నాయనా? నేనే ఎదురొస్తా ఉండా."

ఆ మాటకు ఎదురేమంటాడు? ఆగాడు. స్వామి ఆడాడు. అంతమంది కాళ్ళు, ఆ మోత బరువుతో, తడిమన్నును తొక్కాయి. మళ్ళీ పొద్దున కుడిపక్కింటామె తన పళ్ళెం పట్టుకుని ఇంకాస్త అవతల నిలబడింది. సాయంత్రం ఎడమపక్కింటామె. విషయం వీధంతా తెలుసు, ఎవరూ పైకి అనరు. స్వామి పక్కన నడిచే దేవనాథన్‌కూ తెలుసు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఆయన పైపంచె జారేది. దాన్ని సర్దుకునేసరికి చాలాసేపయ్యేది. ఆయన సర్దుకునేదాకా ఊరేగింపు కదిలేది కాదు.

రెండు పూటలా తొక్కిన చోట మడమతో తన్నినా నేల చలించలేదు. వరదయ్య కొంచెం అన్నం తిన్నాడు.

కానీ అవతలి కొస మిగిలింది. స్తంభం కింద, గోవిందస్వామి ఇంటి ముందు. ఎడమ చక్రం పోయేది అక్కడే. గోవిందస్వామి ఇంట్లోవాళ్ళు హారతి తమ గడప ముందే ఇస్తున్నారు. కాలవ కొస దానికి నాలుగడుగుల అవతల, వదులుగా అట్లాగే ఉంది.

"పోయి అడుగు," అంది మునిరత్నమ్మ.

"వాడినా?"

"నేను పోతే వదినా వదినా అని కాఫీ ఇచ్చి పంపిస్తాడు. అడగాల్సింది నువ్వు."

వరదయ్య వీధి దాటి తిన్నె దగ్గర నిలబడ్డాడు. ఎండ జాస్తిగా ఉందన్నాడు. గోవిందస్వామి అవునన్నాడు. నూలు దొరకడం లేదన్నాడు. గోవిందస్వామి అదీ అవునన్నాడు. వరదయ్య స్తంభం వైపు చూసి, ఆకాశం చూసి, వెళ్ళిపోవడానికి తిరిగాడు.

"అడగతావా, పోతావా?" అన్నాడు గోవిందస్వామి.

వరదయ్య ఆగాడు. "ఆ పక్క చక్రం నీదేనప్పా."

"నాదే. అది దిగితే నా కట్టా పోతాది, నీ కట్టా పోతాది. ఆ మాట తెలిసే, నువ్వొచ్చి నోరు తెరిచి అడగతావేమోనని జెండా ఎక్కినప్పటినుంచి తిన్నె దిగకుండా కూచోనుండా. నీకేమో వీధి అరగదొక్కేకే పొద్దు సాలలేదు."

"అడగతా ఉండా గోవిందా. హారతి ఆడ ఇయ్యి."

"ఆ ఒక్క మాటకు నన్ను తిన్నె మీద ఇన్ని దినాలు ఎండబెట్టినావు గదన్నా," అని గోవిందస్వామి లేచి పంచె దులుపుకున్నాడు. ఎన్నేళ్ళ తర్వాతో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గరుడ సేవ సాయంత్రం గోవిందస్వామే పళ్ళెం పట్టుకుని స్తంభం కింద నిలబడ్డాడు. గరుడ వాహనం బరువు. మోసేవాళ్ళు కూడా రెట్టింపు. హారతి అయినాక కూడా ఆయన పక్కకు జరగలేదు.

"ఇంకొంచేపు ఆడించండప్పా. కండ్లారా సూడనీండి."

"ఎంతసేపు సూస్తావు సామీ, భుజాలు పోతా ఉండాయి!"

"నాకు కండ్లు సరిగా కనపడవు. ఇంకొంచేపు."

జనం గోవిందా గోవిందా అన్నారు. అది ఎవరిని పిలిచినట్టో ఆయనకూ తెలియలేదేమో, ఇంకా వెడల్పుగా నవ్వాడు. వరదయ్య అవతల తన ఇంటి అరుగు మీద గుంజను ఆనుకుని చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. మునిరత్నమ్మ అడిగితే కర్పూరం పొగ అని చెబుదామనుకున్నాడు. ఆమె అడగలేదు.

తేరునాడు పొద్దున గుడి ముందు దేవనాథన్ ముట్టుకట్టకు పసుపు రాసి, పూలు చుట్టి పట్టుకుని నిలబడ్డాడు. వరదయ్య తలంటుకుని, తడి పంచెతో వచ్చి ఎదుట నిలిచాడు. చేతులు చాపలేదు.

"నేల చూసినారా సామీ?"

"చూశాను. పైపైన చూసి చెప్పేందుకు నాకేం తెలుసు? తేరే చెప్పాలి."

"చక్రం దిగిందంటే కట్ట నేనే తెచ్చి ఈడ పెట్టేస్తా. మీరు పిలిపించే పని లేదు."

"సరే," అని దేవనాథన్ కట్టను ఆయన చేతుల్లో పెట్టాడు.

తేరు కదిలింది. లాగేవాళ్ళలో ఒక పొట్టి మనిషి తలకు తువ్వాలు చుట్టుకుని, నోట్లో ఆకు పెట్టుకుని, అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు. ఆదిమూలం ఎప్పుడు వచ్చాడో వరదయ్యకు తెలియదు. చూసి పలకరించేందుకు తీరిక లేదు. చక్రం పక్కన వంగి నడుస్తున్నాడు. చక్రం తిరుగుతూ ఉంటే నేల సన్నగా వణుకుతుంది. ఆ వణుకు అరికాళ్ళకు తెలుస్తుంది. అది మారితేనే కట్ట వెయ్యాలి. నాయన నేర్పింది అంతే.

తేరువీధిలోకి తిరిగారు. ఇక వస్తుంది, ఇక వస్తుంది అనుకుంటూ వరదయ్య ముందు నేలను కళ్ళతో తడుముతున్నాడు. వీధి ఈ కొసనుంచి ఆ కొస దాకా కల్లాపి చల్లి ముగ్గులు వేసి ఉన్నారు. ముగ్గుల మీద పూలు. పూల మీద ఎన్ని వందల అడుగులో. కాలవ అంచు ఏదీ కనిపించలేదు. పందిరి గుర్తు చూద్దామంటే జనం అడ్డం. కట్టను రెండు చేతులా పట్టుకుని, చక్రంతో సమంగా అడుగులు వేస్తున్నాడు.

ఒకచోట తేరు చిన్నగా తల ఊపింది. ఎవరో మాటకు ఊఁ కొట్టినట్టు. అంతలో సర్దుకుంది. కలశాలు గలగలమన్నాయి. వరదయ్య కట్ట ముందుకు చాపి, నేల చూస్తూ, అవతలి చక్రం వైపు కేకేశాడు.

"గోవిందా! కాలవ యాడప్పా?"

డోళ్ళ చప్పుడులో వినిపించలేదు. మళ్ళీ అరిచాడు.

"కాలవ యాడ?"

"ఏంది?"

"కాలవ! మన కాలవ!"

గోవిందస్వామి తలెత్తి వెనక్కి చూశాడు. "నీ ఇల్లు దాటి ఎప్పుడో వచ్చేస్తిమి సూడు! ఇప్పుడు నన్నడగతావే కాలవ యాడని! ముందర సూడన్నా, మలుపొస్తా ఉండాది!"

వరదయ్య వెనక్కి చూడలేదు. చూసే సమయం లేదు. మలుపు దగ్గర తేరు ఎప్పుడూ కుడికి ఒరుగుతుంది. అరికాళ్ళ కింద నేల వణుకు మారింది. ఆయన వంగి కట్ట వేశాడు. చక్రం దాని మీదికెక్కి, మొరాయించి, మెల్లగా తల తిప్పుకుని మలుపు తిరిగింది.